కరూసో గొంతు, గ్రామఫోన్ రికార్డు

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం, పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకమైన ఒపెరాలో పేరొందిన గాయకుడు ఎన్రికో కరూసో గురించి మాట్లాడతాను. 1873లో ఇటలీలోని నేపుల్స్‌లో ఒక మెకానిక్ ఇంట్లో పుట్టారు. చిన్నప్పుడు చర్చిలో పాడారు. 1895లో సొంత ఊళ్లోనే ఒపెరా వేదిక ఎక్కారు. 1900 నాటికి మిలాన్‌లోని పేరున్న ఒపెరా హాలు లా స్కాలా దాకా వచ్చేశారు.

మైకులు లేని రోజుల్లో మన పద్యనాటకం నటులు ఎలా పాడేవారో ఒపెరా గాయకులూ అలాగే పాడాలి. అంతమంది వాద్యకారుల మోతను దాటి గొంతు చివరి వరుసకు చేరాలి. అలాంటి గొంతును 1902 ఏప్రిల్ 11న మిలాన్‌లోని ఓ హోటల్ గదిలో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ రికార్డు చేశారు. గరాటులాంటి కొమ్ము, మైనపు పలక, పక్కన ఒక పియానో, అంతే. తప్పు దొర్లితే సరిదిద్దే వీలు లేదు, మళ్లీ మొదటినుంచి పాడాల్సిందే. పది పాటలకు వంద పౌండ్లు. కంపెనీ లండన్ ఆఫీసు అంత ఇవ్వొద్దన్నా తాను వినలేదని గైస్‌బర్గ్ తర్వాత రాసుకున్నారు. ఎంత మంచి పని చేశారో!

గ్రామఫోన్ వల్లే కరూసోకి పేరొచ్చిందని కొందరంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. అప్పటికి చాలామందికి అదొక ఆటవస్తువు. సన్నని పై స్వరాలు అందులో సరిగా పడేవి కావు. కరూసోది నిండైన టెనర్ గొంతు, అంటే పై స్థాయిలో పాడే మగ గొంతు. అది మాత్రం చక్కగా పడింది. ఆ రికార్డులు విన్నాకే పెద్ద గాయకులకు ఆ యంత్రం మీద నమ్మకం కుదిరింది. అదే ఏడాది గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాటలూ రికార్డు చేశారు.

1903లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో అడుగుపెట్టిన కరూసో అక్కడ ఎనిమిది వందలకు పైగా ప్రదర్శనలిచ్చారు. అంతకుముందు నేపుల్స్‌లో ఆదరణ సరిగా దక్కలేదని నొచ్చుకుని, మళ్లీ అక్కడ పాడనన్నారు. ఆ మాట మీదే నిలబడ్డారు. ఆయన పట్టుదల నాకు అర్థమవుతుంది కానీ, నేపుల్స్ శ్రోతలను తలుచుకుంటే బాధేస్తుంది.

1920 డిసెంబరులో బ్రూక్లిన్‌లో పాడుతుండగా నోట్లోంచి రక్తం పడింది. రుమాళ్లతో తుడుచుకుంటూ మొదటి అంకం పూర్తి చేశారు. అదే నెల 24న చివరిసారి వేదిక ఎక్కారు. 1921 ఆగస్టు 2న నేపుల్స్‌లోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 48 ఏళ్లే.

ఇప్పుడు ఆయన 1907లో ఇచ్చిన ‘వెస్తి లా జుబ్బా’ రికార్డు పెడుతున్నాను. భార్య మోసం చేసిందని తెలిసి కూడా వేషం కట్టి జనాన్ని నవ్వించాల్సిన ఓ నటుడి పాట ఇది. పాత రికార్డు కాబట్టి గరగర ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి.