హైదరాబాద్ చుట్టుపక్కల గాలం వేసుకోవడానికి ప్రశాంతమైన కుంటలు ఎలా వెతకాలి?

నమస్తే అండీ. ఆదివారం పొద్దున్నే గాలం పట్టుకుని ఎక్కడికి పోవాలి, ఈ ఊళ్లో నీళ్లెక్కడున్నాయి అని చాలామంది అడుగుతున్నారు. మన గాలం అంటే తెలుసు కదా, వెదురు కర్ర, తంగూసు, బెండు, ముల్లు, అంతే. గాలం కట్టడం ఇవాళ చెప్పను. చోటు వెతకడం, అదొక్కటే.

ముందు వెళ్లకూడని చోట్లు చెప్పేస్తాను. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వద్దు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాలు అవి, నగరానికి మంచినీళ్లు ఇచ్చేవి. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. అక్కడికి పక్షుల్ని చూడ్డానికి వెళ్లండి, గాలంతో వద్దు. ఇక ఫ్యాక్టరీల దిగువన ఉన్నవి, మురుగు కలిసేవి, అలుగు దగ్గర తెల్లగా నురగ లేచేవి. వాటిలో చేప పడినా ఇంటికి తేవద్దు, పిల్లలకు పెట్టొద్దు.

సరే, ఫోన్‌లోకి వద్దాం. మ్యాప్స్, లేయర్స్, శాటిలైట్. అయిపోయింది. ఇప్పుడు ఔటర్ రింగు దాటి బయటికి జరపండి. చేవెళ్ల వైపా, శామీర్‌పేట వైపా, ఇబ్రహీంపట్నం వైపా, మీకు ఏది దగ్గరైతే అది. సెర్చ్‌లో కుంట అని కొట్టకండి, వెంచర్లూ ప్లాట్లూ వస్తాయి. పేరులో చెరువున్నంత మాత్రాన నీళ్లుండవు. మాసాబ్ ట్యాంక్ పేరు మిగిలింది, చెరువు లేదు కదా. కాబట్టి వేలితో జరుపుకుంటూ కళ్లతోనే వెతకండి.

ఇదిగో, ఇక్కడ చూడండి. ఈ చెరువుకి ఒక పక్క గీత గీసినట్టు ఉంది, అది కట్ట. మిగతా పక్కలు చేతివేళ్లలాగా పొలాల్లోకి పాకాయి, చూశారా? లోతు కట్ట వైపు ఉంటుంది. వేళ్ల వైపు పల్చటి నీళ్లు, గడ్డి, తుంగ. పరకలు, జెల్లలు లాంటి చిన్న చేపలకు నేను ఆ పల్చటి వైపే కూర్చుంటాను. కట్ట రాళ్లు జారతాయి, పిల్లలతో వెళితే అటు అసలే వద్దు.

ఇంకో మాట. పచ్చగా కనిపించిందల్లా పొలం కాదు. పొలమైతే మధ్యలో గట్లు, మడులు కనిపిస్తాయి. గట్టు అన్నదే లేకుండా దుప్పటి పరిచినట్టు పచ్చగా ఉంటే అది గుర్రపు డెక్క. అక్కడ ముల్లు నీళ్లలోకి దిగదు, వదిలేయండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పద్ధతి. మన చెరువులు విడివిడిగా లేవండీ, గొలుసుకట్టు. పైచెరువు నిండితే మత్తడి, అంటే అలుగు, దూకి ఆ నీళ్లు కింది చెరువులోకి పోతాయి. కాబట్టి పెద్ద చెరువు దొరికితే అక్కడే ఆగకండి. మత్తడి ఎక్కడుందో చూడండి, ఇదిగో, కట్ట చివర. అక్కడి నుంచి వాగు గీత పట్టుకుని కిందికి, ఇంకా కిందికి... ఇదిగో! చిన్న కుంట. మ్యాప్‌లో పేరే లేదు. చుట్టూ నాలుగు తుమ్మ చెట్లు, ఒక బండ్ల బాట. పెద్ద చెరువు దగ్గర జనం, బైకులు, పాటలు. దీని దగ్గర ఎవరూ ఉండరు. మత్తడి దూకినప్పుడు చేపలు కూడా నీళ్లతో పాటు దిగుతాయి కాబట్టి ఇందులోనూ చేప ఉంటుంది. నాకు దొరికిన మంచి చోట్లన్నీ ఇలా వాగు పట్టుకుని పోతే దొరికినవే.

ఇక్కడ మాత్రం కాస్త ఆగండి, నిదానంగా చెబుతాను. మీరు చూస్తున్న ఫొటో ఇవాళ్టిది కాదు. ఒక ఏప్రిల్లో మా మేనల్లుణ్ని బండి మీద ఎక్కించుకుని నలభై కిలోమీటర్లు వెళ్లాను. ఫొటోలో నిండు చెరువు. వెళ్లి చూస్తే నేల నెర్రెలు బారింది, మధ్యలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. డబ్బా నిండా ఎర్రలు తవ్వుకుని తెచ్చుకున్నాడు వాడు. ఆ డబ్బా పట్టుకుని కట్ట మీదే నిలబడిపోయాడు. ఇప్పటికీ ఆ మొహం గుర్తొస్తే నాకు బాధగా ఉంటుంది.

అందుకే కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోండి, ఉచితమే. పైన గడియారం బొమ్మ ఉంది చూడండి, అది నొక్కండి. పాత ఫొటోలన్నీ తేదీలతో వస్తాయి. ఇది జరపండి. అక్టోబర్, నిండుగా ఉంది. ఇంకా జరపండి. మే నెల. ఇదిగో, సగం ఎండింది, కానీ కట్ట కింద నీళ్లు మిగిలాయి. ఇంకో ఏడాది మే చూడండి. మళ్లీ మిగిలాయి. ఇలా రెండు మూడు వేసవులు చూడాలి, ఒక్కటి చూసి నమ్మొద్దు. వేసవిలోనూ కాసిన్ని నీళ్లు నిలిచే కుంటలో చేప పెరిగి ఉంటుంది.

ఆ ఎండిన ఫొటోనే ఇంకొంచెం దగ్గరికి తేండి. ఈ చతురస్రాలు కనిపిస్తున్నాయా? జేసీబీతో మట్టి తీసిన గుంతలు. వానాకాలంలో వీటి మీద నీళ్లు నిండిపోతాయి, పైనుంచి ఏమీ తెలియదు. మోకాలి లోతే కదా అని దిగితే తర్వాతి అడుగు మనిషి లోతు. ఈత వచ్చినవాళ్లు కూడా ఇలాంటి గుంతల్లోనే పోతున్నారు. ఎక్కడున్నాయో రాసుకోండి. ముల్లు దేనికైనా తట్టుకుంటే తంగూసు తెంపేయండి, నీళ్లలోకి మాత్రం దిగొద్దు.

మ్యాప్ పని ఇంతే. గాలం బయటికి తీసే ముందు కట్ట మీద మనిషిని అడగాలి. చాలా చెరువుల్లో చేపల హక్కు ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది. చేపపిల్లలు పోసి, ఏడాదంతా కాపలా కాసి, వల వేసుకుని బతికే ముదిరాజులు, గంగపుత్రులు ఉంటారు. వాళ్ల రవ్వ, బొచ్చె మనం అడగకుండా పట్టుకుపోతే అది దొంగతనమే. నేను బండి దూరంగా ఆపి, దగ్గరికి నడిచి వెళ్లి అడుగుతాను. "పెద్దయ్యా, గాలం వేసుకోవచ్చా? చిన్నవే పట్టుకుంట." మొన్న ఒకాయన ఏమన్నారంటే, "మొన్ననే పిల్లలు పోసినం బిడ్డా, ఇప్పుడొద్దు. బతుకమ్మ పండగ అయినంక రా." వచ్చేశాను. పండగ తర్వాత వెళితే ఆయనే చోటు చూపించారు, బర్రెలు దిగే రేవు పక్కన. బర్రెలు దిగితే బురద కదులుతుంది, పురుగులు పైకొస్తాయి, పరకలు గుంపుగా చేరతాయి. ఇది ఏ మ్యాప్‌లోనూ ఉండదు.

ఈ క్లిప్ ఒకటి చూడండి, వానాకాలంలో తీశాను. గడ్డి పక్కన నీళ్ల మీద ఎర్రగా, గుప్పెడు కుంకుమ చల్లినట్టు కదులుతోంది కదా? కొర్రమట్ట పిల్లలు. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, దగ్గరికి ఏది వచ్చినా మీద పడతాయి. ఆ కోపంలో గాలానికి తేలిగ్గా దొరుకుతాయని కొందరు అక్కడే వేస్తారు. దయచేసి వేయొద్దు. ఆ జంటను లాగేస్తే పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. మన రాష్ట్ర చేప అది.

చివరిది, చోటు దొరికాక పిన్ సేవ్ చేసుకోండి, కింద నోట్ రాయండి. లిస్ట్‌ని మాత్రం ప్రైవేట్‌లో పెట్టండి. చిన్న కుంట ఒకేసారి ఇరవై గాలాలు తట్టుకోలేదు, అందుకే ఇందాకటి కుంట ఎక్కడో నేనూ చెప్పడం లేదు. నా నోట్ ఎలా ఉంటుందో చూపిస్తాను, ఇదిగో: "మత్తడి కింద రెండో కుంట. పడమర గట్టున తుమ్మ చెట్టు, నాలుగు దాటితే నీళ్ల మీద నీడ. తవుడు ముద్దకు పరకలు, ఎర్రలకు జెల్లలు. ఉత్తరం మూల గుంత, అటు పోవద్దు. మేకల పెద్దయ్యకు చెప్పి కూర్చోవాలి, వెళ్లేటప్పుడు ఆయనకు బీడీ కట్ట కాదు, చాయ్ పత్తా, చక్కెర తీసుకెళ్లాలి."