కార్బన్ లెక్కలో కలివికోడి ఎక్కడ?

హోస్ట్: నమస్కారం, కడప నుంచి మాట్లాడుతున్నాం. ఈరోజు మనతో ఉన్న అన్న ఊరు బద్వేలు వైపు. అక్కడి లంకమల కొండల చుట్టూ చాలా ఏళ్లుగా పక్షుల్ని గమనిస్తున్నారు. అన్నా, నేరుగా అడిగేస్తాను. అడవిని కాపాడితే గాలిలోంచి చెట్లు పట్టిన కార్బన్ నిలుస్తుంది, జంతువులూ బతుకుతాయి. రెండూ ఒకటే పని కదా, పేచీ ఎక్కడ?

అతిథి: వానలు బాగా పడే అడవుల్లో చాలావరకు ఒకటే పనమ్మా. బ్రెజిల్‌లో అట్లాంటిక్ తీరపు అడవులే చూడు. అక్కడ గట్టి కలప చెట్లలో చాలావాటికి గింజలు పెద్దవి. వాటిని మింగి దూరంగా వేసేవి టేపిర్లనే పందిలాంటి జంతువులు, పెద్ద కోతులు, టూకాన్ పక్షులు. వేటాడి వాటిని ఖాళీ చేసినా అడవి పైకి పచ్చగానే ఉంటుంది. కానీ ముసలి చెట్టు పడిపోయాక ఆ చోట చిన్న గింజల చెట్టు, మెత్తని కలపది లేస్తుంది. ఎండు కట్టె బరువులో దాదాపు సగం కార్బనే. కట్టె తేలికైతే నిల్వ కూడా తగ్గినట్టే. కాంగో అడవుల్లో ఏనుగులు సన్న మొక్కల్ని తొక్కి, విరిచి పలచన చేస్తాయి. మిగిలిన చెట్లకు నీళ్ల కోసం, వెలుతురు కోసం పోటీ తగ్గి లావెక్కుతాయి. అక్కడ ఏనుగును కాపాడినవాడు కార్బన్‌నీ కాపాడినట్టే.

హోస్ట్: మన నల్లమలలో ఎలుగుబంటి చేసేదీ అదే కదా? రేల కాయలు, నేరేడు, తునికి...

అతిథి: తింటుంది, గింజలు మోస్తుంది, నిజమే. కానీ మన ఎండు అడవిలో బరువైన కలప చెట్లలో చాలావాటికి గాలే చాలు. నల్లమద్ది కాయకు రెక్కలుంటాయి. నారేపి కాయ కూడా పల్చటి రెక్కే. ఎర్రచందనం కాయను ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడు. మధ్యలో గింజ గట్టిగా తగులుతుంది, చుట్టూ అప్పడం అంచులా పల్చటి రెక్క. గాలి వీస్తే లేచిపోతుంది. గాలితో గింజలు పారే అడవుల్లో జంతువులు పోయినా కార్బన్ నష్టం తక్కువేనని పరిశోధనల్లోనూ తేలింది. అందుకే నాకు భయం. ఎలుగుబంటిని కాపాడటానికి కార్బన్‌ని సాక్ష్యానికి పిలిస్తే, ఆ సాక్షి ఎదురు తిరిగిన రోజు ఎలుగుబంటికి దిక్కెవరు?

హోస్ట్: ఎదురు తిరిగిన చోటు ఏదైనా ఉందా?

అతిథి: ఇక్కడే ఉంది, లంకమల కింద. కలివికోడి అనే పిట్ట. 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడి ద్వారా దాని సంగతి మొదట బయటి ప్రపంచానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్, మన రెడ్డిపల్లి దగ్గర, ఊరివాళ్ల సాయంతో మళ్లీ కనిపెట్టాడు. ఊళ్లో పిట్టలు పట్టేవాళ్లకు దాని సంగతి ముందే తెలుసు. ఈ మాట ఎప్పుడూ వదిలేస్తారు కాబట్టి గట్టిగా చెప్తున్నా.

హోస్ట్: అది రాత్రి తిరిగే పిట్ట కదా, ఎలా వెతుకుతారు?

అతిథి: పొదల మధ్య సన్నటి మట్టిని పట్టీలా పరిచి, నున్నగా సర్ది వస్తారు. తెల్లారి ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వంగి చూస్తే కుందేలు అడుగు, కౌజు అడుగు, మేక గిట్ట, అన్నీ ఉంటాయి. కలివికోడిదైతే మూడు వేళ్లే, మూడూ ముందుకే. వెనక వేలు ఉండదు. అట్లా అడుగులు పట్టుకుని, పొదలు లెక్కపెట్టి ఒక సంగతి తేల్చారు. రెండు మీటర్లకు పైబడిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్న చోటే అది ఎక్కువగా ఉంటుంది. తుమ్మ, రేగు, కలివి పొదలు, వాటి నడుమ వట్టి నేల. మరీ చిక్కబడినా ఉండదు, మరీ బోడి అయినా ఉండదు.

హోస్ట్: అంటే చెట్లు పెరిగితే దానికి నష్టమా!

అతిథి: అదే చెప్తున్నా. 2024 ఫిబ్రవరిలో కేంద్రం గ్రీన్ క్రెడిట్ అనే పథకం కింద మొక్కలు నాటే పద్ధతి ప్రకటించింది. నాటగల నేలల్లో పొదల భూమిని, బంజరును కూడా చేర్చి, హెక్టారుకు కనీసం 1,100 మొక్కలు అన్నారు. ఆ నిబంధనల్ని తర్వాత సవరించారులే. కానీ పొదల నేలను చెడిపోయిన అడవిగా చూసే చూపు ఎక్కడికీ పోలేదు. 300 పొదల చోట 1,100 మొక్కలు లేస్తే కాగితం మీద కార్బన్ పెరుగుతుంది, కలివికోడి పోతుంది. నిజం చెప్పాలంటే మన వానలకు, మన రాళ్ల నేలకు ఆ కార్బన్ కూడా పెద్దగా రాదు. అంత కొంచెం కోసం, ఈ భూమ్మీద ఇంకెక్కడా లేని పిట్టను పణంగా పెడతామా? నేను ఒప్పుకోను.

హోస్ట్: కానీ అన్నా, వాతావరణం వేడెక్కుతోంది, ఎవరో ఒకరు కార్బన్ పట్టాలి కదా. 2030 నాటికి అడవులతో అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టి ఉంచుతామని దేశం ప్యారిస్‌లో మాటిచ్చింది.

అతిథి: మాట నిలబెట్టుకోవాల్సిందే. దానికి ఉన్న అడవి కాలకుండా, నరక్కుండా చూడటం ముందు పని. నల్లమలలో నిలబడి ఉన్న పెద్ద మద్ది చెట్టు పట్టినంత కార్బన్, మొన్న నాటిన మొక్క పట్టాలంటే ఎన్ని దశాబ్దాలు కావాలి? ఇంకోటి, కార్బన్ పట్టేది చెట్లొక్కటే కాదు. పాత కర్నూలు జిల్లాలో రోళ్లపాడు ఉంది, బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. అది గడ్డినేల. గడ్డి పట్టిన కార్బన్‌లో ఎక్కువ భాగం మట్టిలోనే ఉంటుంది, పైకి కనబడదు. ఇప్పుడు బట్టమేక అక్కడ కనబడటం లేదు. చుట్టూ సాగునీళ్లు వచ్చాయి, పంటలు మారాయి. కృష్ణజింకలు మాత్రం మిగిలాయి. ఆ గడ్డిలో చెట్లు పెడితే వాటికీ చోటుండదు.

హోస్ట్: మాది అనంతపురం. మా గుట్ట మీద మొక్కలు నాటుతామని ఎవరైనా వస్తే ఏం చేయమంటావ్?

అతిథి: జేసీబీ దిగకముందే గొర్రెల కాపరుల్ని అడుగు. తోడేలు పిల్లలు పెట్టే చోటు, నక్క బొరియ, జింకలు దిగే వాగు, అన్నీ వాళ్లకు తెలుసు. రాత్రి పూట కూడా ఒకసారి తిరిగి చూడమను. పగలు ఖాళీగా కనబడే గుట్ట రాత్రి ఖాళీగా ఉండదు. మొక్కలకైతే మీకు చోటు లేదా? పొలం గట్లు, చెరువు కట్టలు, బడి ఆవరణ, రోడ్డు పక్కలు ఉన్నాయి. వేప, చింత, కానుగ పెట్టండి, మొదటి మూడేళ్లు ఎండాకాలంలో నీళ్లు పోసే మనిషిని పెట్టండి. ఆ మనిషికి జీతం ఎక్కడినుంచి ఇస్తారో నాటడానికి వచ్చినవాళ్లను ముందే అడుగు.