"బ్యాటరీ పోయింది" అంటే ఏం పోయినట్టు?

అందరికీ నమస్కారం అండీ. ఈ టేబుల్ మీదున్న డ్రిల్ బ్యాటరీ ఇచ్చినాయన చెప్పింది ఒక్కటే మాట, బ్యాటరీ పోయింది అని. సరే పోయింది, కానీ ఏం పోయింది? లోపల సెల్స్ ఉన్నాయి, వాటిని కాపలా కాసే సర్క్యూట్ బోర్డు ఉంది, కరెంట్ బయటికొచ్చే టెర్మినల్స్ ఉన్నాయి, అవన్నీ ఒకేసారి కట్టకట్టుకుని పోవు కదా.

18 వోల్టుల లిథియం ప్యాక్ అంటే లోపల 3.6 వోల్టుల సెల్స్ అయిదు వరసగా ఉంటాయి, పెద్ద ప్యాక్ అయితే జంటలుగా పది. ఫుల్ ఛార్జ్‌లో ఒక్కోటి 4.2కి వెళ్తుంది, అంటే మొత్తం 21. కొన్నిటి మీద 20 వోల్ట్ మ్యాక్స్ అని రాసి అమ్ముతారే, అది కూడా ఇదే సరుకు, లేబుల్ తేడా అంతే.

ఇప్పుడు చూడండి, నాలుగు సెల్స్ 3.9 దగ్గర ఉండి ఒకటి 2.1కి పడిపోయిందనుకోండి. బయట టెర్మినల్స్ దగ్గర మీటర్ పెడితే 17.7 చూపిస్తుంది, బానే ఉందిగా అనుకుంటాం. డ్రిల్ నొక్కితే మాత్రం రెండు సెకన్లలో కూలబడిపోతుంది, ఎందుకంటే వరసలో బలహీనమైనది ఎంత ఇస్తే అంతే, మిగతా నాలుగూ ఎంత నిండుగా ఉన్నా లాభం లేదు. చాలా ప్యాకుల్లో సెల్స్‌ని సమానం చేసే సర్క్యూట్టే ఉండదు, అందుకని ఒకసారి వెనకపడ్డ సెల్ ప్రతి ఛార్జ్‌కీ ఇంకాస్త వెనకపడుతుంది. కాబట్టి కేసు విప్పి ఒక్కో సెల్ కొలవకుండా తీర్పు చెప్పకండి.

వోల్టేజ్ బాగా పడిపోయి ఛార్జ్ ఎక్కని ప్యాక్‌ని ఇంకో బ్యాటరీకి వైర్లు కలిపి లేపుతారు కొందరు. నాకైతే అస్సలు నచ్చదు. సెల్ బాగా కిందికి పడిపోయి నెలల తరబడి పెట్టెలో పడుంటే లోపలి రాగి రేకు కరుగుతుంది, మళ్ళీ ఛార్జ్ ఎక్కించినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ అవుతుంది. లేచింది కదా అని సంబరపడి రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకున్నారనుకోండి... వద్దు లెండి.

మార్చాలంటే అన్నీ మార్చండి. పాత నాలుగింటి మధ్య కొత్తది ఒకటి పెడితే మళ్ళీ అదే గొడవ మొదలు. ఏ సెల్ అన్నది ఇంకా ముఖ్యం, నేనే ఒకసారి లాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన సెల్స్ పెట్టాను, సైజు ఒకటే కదా, 18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు, చక్కగా పట్టేశాయి, చిన్న స్క్రూలు తిరిగాయి కూడా, పెద్ద బిట్ పెట్టగానే వేడెక్కి ఆగిపోయింది. లోడ్ పడితే డ్రిల్ 20 ఆంపియర్లు దాటి లాగుతుంది, ఆ సెల్స్ అయిదారు ఆంపియర్ల పనికే చేసినవి. ఇక 9900 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే లెక్క) అని రాసున్న 18650 కనిపిస్తే నవ్వుకుని వదిలేయండి, మంచి కంపెనీ సెల్ అయినా 3500 దగ్గరే ఆగుతుంది.

సోల్డరింగ్ ఐరన్ నేరుగా సెల్ మీద పెట్టకండి, ఆ వేడికి లోపలి సీల్ దెబ్బతింటుంది. నికెల్ పట్టీ, దాన్ని క్షణంలో సెల్‌కి అతికించే స్పాట్ వెల్డర్ కావాలి, లేదా పట్టీలు అతికించి అమ్మే సెల్స్ కొనుక్కోండి. ఇంకోటి, ప్లస్ చివర చుట్టూ ఉన్న అంచు కూడా మైనస్సే, మధ్యలో అడ్డం ఉన్నది పల్చటి ప్లాస్టిక్ తొడుగే, అక్కడ ఇన్సులేటర్ రింగు పెట్టకుండా పట్టీ వేస్తే నిప్పురవ్వలే.

పాత నికెల్ కాడ్మియం ప్యాకులు ఇంకా ఉన్నవాళ్ళు చెయ్యెత్తారు ఇందాక. అందులో 18 వోల్టులకి 1.2 వోల్టుల సెల్స్ పదిహేను ఉంటాయి. అవి తీసేసి లిథియం వేయొచ్చు, కానీ పాత ఛార్జర్‌తో మాత్రం ఎక్కించకండి. నిండాక వోల్టేజ్ కాస్త తగ్గడం చూసి ఆగే ఛార్జర్లు ఉంటాయి వాటికి, లిథియంలో ఆ తగ్గుదల రాదు, అది ఎక్కిస్తూనే పోతుంది, అగ్గి అంటుకునేది అక్కడే.

కొన్ని ప్యాకుల్లో బోర్డే లాక్ అయిపోతుంది, సెల్స్ కొత్తవి వేసినా ఛార్జర్ ఒప్పుకోదు, అలాంటప్పుడు కొత్త ప్యాక్ కొనడమే తెలివి. తీసేసిన సెల్స్ చివర్లకి టేప్ వేసి రీసైక్లింగ్‌కి ఇవ్వండి, చెత్తబుట్టలో వద్దు.

సరే, ఇది విప్పుదాం. మొదటిది 3.8... రెండోది 3.8... మూడోది, ఇదిగో చూడండి, 1.4.