పూజకా, తినడానికా?

శ్రోతలకు నమస్కారం.

మొన్న కిరాణా కొట్టుకి వెళ్ళాను. శ్రావణమాసం దగ్గరకొచ్చింది కదా, మా ఇంటావిడ చీటీ రాసిచ్చింది. నెయ్యి, వక్కలు, ఖర్జూరం, పసుపు, బియ్యం. నెయ్యి అనగానే కొట్టతను తలెత్తి ఒక ప్రశ్న వేశాడు.

"పూజకా, తినడానికా?"

"తేడా ఏమిటి బాబూ?" అన్నాను.

"పూజదైతే తక్కువలో వస్తుందండీ. తినేదైతే రేటెక్కువ."

వక్కలకీ అదే ప్రశ్న. ఖర్జూరానికీ అదే ప్రశ్న. పూజకా, తినడానికా? నమిలే వక్క వేరు, దేవుడి ముందు పెట్టే వక్క వేరు. మనం తినే ఖర్జూరం మెత్తగా ఉంటుంది, దేవుడి ఖర్జూరం రాయిలా ఉంటుంది. అతని తప్పేమీ లేదు. అడిగేవాళ్ళున్నారు కాబట్టి అమ్ముతున్నాడు. నేను కూడా ఇన్నాళ్ళూ ఆలోచించకుండా "పూజకే" అని తెచ్చుకున్నవాణ్ణే. ఆ రోజు మాత్రం ఎందుకో ఆ మాట ఇంటిదాకా వెంటబడి వచ్చింది.

మా నాయనమ్మ బతికుంటే ఆ కొట్టతనికి ఏం చెప్పేదో నాకు తెలుసు గానీ, రేడియోలో చెప్పడం బాగుండదు.

ఆవిడకి మడి ఎక్కువ. ముందురోజు తడిపి ఆరేసిన చీర పైన దండెం మీద ఉండేది. ఎవరి చెయ్యీ తగలకుండా కర్రతో తీసుకునేది. మడి కట్టుకుని వంటింట్లోకి వెళ్ళిందంటే పిల్లలం గడపకి ఇవతలే. "దూరం, దూరం!" అని కేక. ఒక వినాయకచవితినాడు నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆవిడ కొంగు పట్టుకున్నాను. ఇంకేముంది, మళ్ళీ స్నానం, మళ్ళీ తడిబట్ట, మళ్ళీ పొయ్యి. ఆ రోజు ఇంటిల్లిపాదికీ భోజనం మూడింటికి. నాకు దెబ్బలు మాత్రం ఒంటిగంటకే.

నైవేద్యానికి వండేటప్పుడు ఉప్పు చూడకూడదు. నాలిక్కి తగిలితే ఎంగిలి. అన్నీ చేతి అంచనాతోనే. అలా వండినా పులిహోర ప్రతిసారీ అమృతంలా కుదిరేది అని చెబితే అబద్ధం అవుతుంది. ఒక్కోసారి ఉప్పు ఎక్కువయ్యేది. మా తాతయ్య మొదటి ముద్ద తిని, ఆవిడకి వినిపించీ వినిపించకుండా, "అందుకేనర్రా, మధ్యే మధ్యే పానీయం సమర్పయామి అన్నారు" అనేవాడు.

ఆ మడి మళ్ళీ రావాలని నేను కోరను. దానివల్ల మా అమ్మ, మా అత్తయ్యలు పడ్డ అవస్థ కళ్ళారా చూశాను. కానీ ఒక్కటి చెప్పాలి. ఆ రెండు గంటలూ ఆవిడకి మరో ధ్యాస ఉండేది కాదు. చెయ్యి అక్కడే, మనసూ అక్కడే. ఇంకో సంగతి. ఆవిడ వంటింట్లో దేవుడికని విడిగా ఒక నెయ్యి గిన్నె ఎప్పుడూ లేదు.

సరే, ఇప్పుడు నాకిష్టమైన సంగతికి వస్తాను. ఉన్న సమయంలో ఎక్కువ భాగం దీనికే ఖర్చుపెడతాను, ఏమీ అనుకోకండి.

తిరుమల అనగానే మనకి లడ్డూ గుర్తొస్తుంది. కానీ శ్రీవారి గర్భాలయం గడప దాటి లోపలికి వెళ్ళేది లడ్డూ కాదు. వడ కాదు, పులిహోర కాదు. అవన్నీ గడపకి ఇవతలే నివేదిస్తారు. ఆ గడప దాటి స్వామి దగ్గరికి వెళ్ళేది పెరుగన్నం. అదైనా బంగారు పళ్ళెంలో కాదు, వెండి గిన్నెలో కాదు. కొత్త మట్టికుండని సగానికి పగలగొట్టి, ఆ సగం ముక్కలో పెట్టి తీసుకెళతారు. దాన్ని ఓడు అంటారు. ఇవాళ ఒక ఓడు, రేపు మరో ఓడు. వాడినదాన్ని కడిగి మళ్ళీ వాడటం ఉండదు. అందుకే ఆయనకి తోమని పళ్ళేలవాడు అని పేరు.

ఓటికుండకు మోత ఎక్కువ అని సామెత చెప్పుకుంటాం. పనికిమాలిన దానికి గుర్తు ఓటికుండ. ఆ ఓటికుండే లోపలికి వెళుతుంది.

ఆ గడప పేరు కులశేఖరపడి. కులశేఖర ఆళ్వారు రాజు. నీ గుడిలో ఒక మెట్టుగానైనా పడి ఉంటే చాలు, నీ ముఖం చూస్తూ ఉంటాను అని వేడుకున్నాడు. ఆ పేరే గడపకి పెట్టారు. రాజుగారేమో గడప దగ్గర ఆగారు, కుమ్మరి చేసిన కుండేమో గడప దాటింది.

మట్టి ఎందుకు? దీనికొక కథ ఉంది. వేంకటాచల మాహాత్మ్యంలో వస్తుంది. నేను మాత్రం మా తాతయ్య చెప్పిన తీరులో చెబుతాను.

తొండమాన్ చక్రవర్తి అని ఒక రాజు. శ్రీకాళహస్తి దగ్గర తొండమనాడు అనే ఊరికి ఆ పేరు ఇప్పటికీ ఉంది. ఆయన వేంకటేశ్వరుడికి రోజూ బంగారు పూలతో పూజ చేసేవాడు. ఒక రోజు పూజకి వచ్చేసరికి బంగారు పూల మధ్య ఒక మట్టిపువ్వు కనిపించింది. ఎవరి కాలి మట్టో అనుకుని తీయించేశాడు. మర్నాడు మళ్ళీ మట్టిపువ్వు. ఆ రోజు కాపలావాళ్ళ మీద కోప్పడ్డాడు. మూడోనాడు చూస్తే బంగారు పూలన్నీ పక్కకి జరిగి ఉన్నాయి. మట్టిపూలు స్వామి పాదాల మీద ఉన్నాయి.

రాజుగారికి గుండె జారిపోయింది. "స్వామీ, నా పూజలో ఏం లోపం జరిగింది? ఈ మట్టి ఎవరు తెచ్చారు?" అని అడిగాడు.

స్వామి పలికాడు. "కుర్వ గ్రామంలో భీముడని ఒక కుమ్మరి ఉన్నాడు. ఆ పూలు అతనివి. వాళ్ళ ఇంట్లో పెడతాడు, ఇక్కడికి వస్తాయి."

ఆ భీముడు ఎవరంటే, రెక్కాడితే గానీ డొక్కాడనివాడు. తెల్లవారకముందే లేచి మట్టి తొక్కాలి. సారె తిప్పాలి. కుండలు ఆరబెట్టాలి, ఆవంలో కాల్చాలి. కొండ ఎక్కి దర్శనం చేసుకునే తీరిక ఎక్కడిది? చెక్కతో స్వామి బొమ్మ ఒకటి చేసుకుని ఇంటి మూల పెట్టుకున్నాడు. సాయంత్రం పని అయ్యాక, చేతికి అంటిన మట్టి ఉంటుంది చూడండి, దాన్ని తీసి చిన్న పువ్వు చేసి ఆ బొమ్మ పాదాల దగ్గర పెట్టేవాడు. అంతే అతని పూజ.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను. మా నాయనమ్మకి ఈ కథ నచ్చేదే, కానీ ఈ చోట ముఖం కాస్త చిట్లించేది. "చేతులు కడుక్కోలేదా?" అనేది. మా తాతయ్య నవ్వి, "ఒసే, నీకది మురికి. వాడికది అన్నం" అనేవాడు. ఆ జవాబు చిన్నప్పుడు అర్థం కాలేదు. మొన్న కిరాణా కొట్టు నుంచి తిరిగొస్తూంటే అర్థమైంది. ఏ మట్టితో భీముడు కుండ చేశాడో, ఏ కుండ అమ్మి నూకలు తెచ్చుకున్నాడో, పువ్వు కూడా ఆ మట్టితోనే చేశాడు. అతని దగ్గర పూజ మట్టి అని విడిగా ఒకటి లేదు.

మళ్ళీ కథకి వద్దాం. తొండమాన్ చక్రవర్తి కుర్వ గ్రామానికి వెళ్ళాడు. పరివారంతో కాదు, ఒంటరిగా వెళ్ళాడనే మా తాతయ్య చెప్పేవాడు. గుమ్మంలో రాజుని చూసి భీముడు వణికిపోయాడు, భయంతో కాదు. స్వామి ఎప్పుడో అతనికి మాటిచ్చి ఉన్నాడు. "నీ పూజ సంగతి లోకానికి తెలిసి, రాజు నీ ఇంటికి వెతుక్కుంటూ వచ్చిన రోజున నీకు మోక్షం" అని. ఆ రోజు ఈ రోజే అన్నమాట. ఇంతలో స్వామే వచ్చాడు. భీముడి భార్య తమాలిని ఇంట్లో ఉన్నది పెట్టింది. స్వామి తిన్నాడు. ఏం పెట్టిందో మా తాతయ్య చెప్పలేదు. పెరుగన్నమే అయి ఉంటుందని నా ఊహ. ఊహ మాత్రమే. భార్యాభర్తలిద్దరినీ స్వామి తన వెంట తీసుకుపోయాడు. చక్రవర్తి గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

ఈ కుమ్మరినే కురువరతి నంబి అని కూడా అంటారు. అన్నమయ్య పాట "కొండలలో నెలకొన్న కోనేటిరాయడు" మనందరికీ తెలిసిందే. ఈసారి విన్నప్పుడు మొదటి చరణం శ్రద్ధగా వినండి. ముందు కుమ్మరి పేరు వస్తుంది. చక్రవర్తి పేరు ఆ తర్వాత వస్తుంది.

కన్నప్ప కథ చెప్పలేదేమని కొందరు అనుకుంటూ ఉంటారు. అది అందరికీ తెలిసిందే కదా అని వదిలేశాను. శబరి ఎంగిలిపండ్ల మాట కూడా అంతే. వాల్మీకంలో శబరి రాముడి కోసం అడవి పండ్లూ దుంపలూ ఏరి ఉంచానంటుంది, కొరికి చూసినట్టు లేదు. ఆ ఎంగిలిని తర్వాతి జనం చేర్చుకున్నారు. ఉప్పు చూడకుండా వండే ఇళ్ళలోనే ఆ కథని అందరికంటే ఇష్టంగా చెప్పుకోవడం నాకు భలే ముచ్చటేస్తుంది.

ఈ శుచి ఎంతదాకా అన్నదానికి పూరీ వైపు ఒక్కసారి చూడండి. జగన్నాథుడి వంటశాలలో కట్టెల పొయ్యి, కొత్త మట్టికుండలు, ఒకదాని మీద ఒకటి పేర్చి వండటం. ఉల్లి, వెల్లుల్లి కనిపించవు. అంత నియమం. తీరా నైవేద్యం అయ్యాక బయటికొచ్చిన ఆ అన్నానికి ఎంగిలి లేదు, కులం లేదు, ఎవరి పక్కన ఎవరైనా కూర్చుని తినవచ్చు. మనవాళ్ళు "సర్వం జగన్నాథం" అనేది దీన్ని చూసే. నియమమంతా వండే చేతికే. తినే మనిషికి లేదు. మనం తరచుగా దీన్ని తిరగేస్తాం. మన చెయ్యి సంగతి వదిలేసి ఎదుటివాడి చెయ్యి చూస్తాం.

గీతలో, 9వ అధ్యాయం 26వ శ్లోకంలో, "పత్రం పుష్పం ఫలం తోయం" అన్నాడు కృష్ణుడు. ఆకు, పువ్వు, పండు, నీళ్ళు. మనం ఆ నాలుగూ లెక్కపెట్టి ఆగిపోతాం. ఆ చిన్న శ్లోకంలోనే భక్తి అన్న మాట రెండుసార్లు వస్తుంది. "భక్త్యా ప్రయచ్ఛతి" అని ఒకసారి, "భక్త్యుపహృతం" అని మళ్ళీ ఒకసారి. శుద్ధి మాట కూడా ఉంది, అయితే అది "ప్రయతాత్మనః" అని ఇచ్చే మనిషికి చెప్పింది. ఇచ్చే వస్తువుకి కాదు.

అలాగని వస్తువు ఎలా ఉన్నా పరవాలేదు అనుకుంటే మళ్ళీ ఆ కొట్టులోనే నిలబడతాం. పూజకా, తినడానికా?

దీనికి రామాయణంలో జవాబుంది. తండ్రి పోయాడని రాముడికి తెలిసింది చిత్రకూటంలో. మందాకినీ నది ఒడ్డున పిండం పెట్టాలి. అడవిలో ఏముంటుంది? గార గింజల పిండి, రేగుపళ్ళు. అవే కలిపి దర్భల మీద పెట్టి ఏడుస్తూ అన్నాడు, "మహారాజా, మేము తినేది ఇదే, దీన్నే తిను. మనిషి ఏది తింటే అతని దేవతలూ అదే తింటారు" అని. తర్వాత కౌసల్య ఆ పిండాన్ని చూసి, చక్రవర్తికి ఇదా తిండి అని కన్నీరు పెట్టుకుంది. తల్లి కదా.

మనిషి ఏది తింటే దేవుడూ అదే. ఇది పెట్టుకుంటే మన పని చాలా సులువు. శ్రావణ శుక్రవారం వస్తుంది. తొమ్మిది రకాలు చెయ్యాలి, ఎదురింటివాళ్ళు పదకొండు చేశారట, కొబ్బరికాయ కుళ్ళిపోతే ఎలా, ఈ టెన్షన్ అంతా ఎందుకు చెప్పండి? ఉద్యోగానికి పోయే ఆడపిల్లలు తెల్లవారుజామున మూడింటికి లేచి తొమ్మిది రకాలు వండి, కళ్ళు ఎర్రబడి బస్సెక్కుతున్నారు. ఒక్క రకం చాలు. అది మీరు తినేదై ఉండాలి. మీరు తినే బియ్యం, మీరు తినే నెయ్యి. ఖర్చు ఎక్కువనిపిస్తే కొలత తగ్గించండి, సరుకు తగ్గించకండి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇంతే.

నేను నిన్న మళ్ళీ కొట్టుకి వెళ్ళాను. నెయ్యి అన్నాను. అతనికి నేను గుర్తే. అయినా అలవాటు కదా, "పూజకా, తినడానికా?" అన్నాడు.

"రెండింటికీ ఒకటే ఇవ్వు" అన్నాను.

"అయితే అర కిలో కట్టనా?"

"వంద గ్రాములు చాలు."

ఇంటికి తెస్తే మా ఇంటావిడ పొట్లం చేత్తో తూచి, "ఏమండీ, ఇంతేనా?" అంది. విషయమంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఈసారి చక్కెరపొంగలి ఒక్కటే" అంది. నాకూ నిశ్చింత. అందులో ఉప్పు చూసే గొడవ లేదు.

నమస్కారం.