ఇంజిన్ చూపిన అంకె ఆటగాడి బుర్రకెక్కుతుందా? – చర్చా కార్యక్రమం పాఠం

వ్యాఖ్యాత: నమస్కారం. కంప్యూటర్ల ముందు కూర్చుని కంఠస్థం చేసిన ఓపెనింగ్‌లు, అంటే ఆట ఆరంభపు ఎత్తులు, ఆటను చంపేస్తున్నాయన్న వాదనతో, వెనుక వరుస పావుల స్థానాలను మార్చి మొదలుపెట్టే ఫ్రీస్టైల్ చదరంగం ముందుకొచ్చింది. 2025 జనవరిలో ‘ప్రపంచ ఛాంపియన్’ అన్న బిరుదు దగ్గర దాని నిర్వాహకులకూ అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడేకూ చెడింది. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాను. బలమైన కంప్యూటర్ కొనగలిగినవారిదేనా ఇక ఈ ఆట?

ప్రోగ్రామర్: స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్, అంటే ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్, ఉచితంగానే దొరుకుతుంది, ఫోన్‌లో నడిపినా ప్రపంచ ఛాంపియన్‌ను మించి ఆడుతుంది. కంప్యూటర్‌లో కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, పెంచితే విశ్లేషణ వేగం పెరుగుతుంది గానీ, ఒక్కో ఎత్తు లోతుకు వెళ్లేకొద్దీ వెతకవలసిన కొమ్మలు విపరీతంగా పెరుగుతాయి కనుక, రెట్టింపు ఖర్చుకు రెట్టింపు లోతు—

శిక్షకుడు: లోతు సంగతి తరువాత చూద్దాం. నా దగ్గరికి వచ్చిన పన్నెండేళ్ల పిల్లవాడు తెరమీద ఇంజిన్ ఇచ్చిన ప్లస్ 0.8 అన్న అంకె చూసి తెల్లపావులదే పైచేయి అన్నాడు. ల్యాప్‌టాప్ మూసేసి, ఆ పైచేయి ఎక్కడుందో బోర్డు మీద వేలు పెట్టి చూపించమన్నాను. చాలాసేపు చూసి, ఒక గుర్రాన్ని తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వ్యాఖ్యాత: అంటే ఖరీదైన ల్యాప్‌టాప్ ఉన్న పిల్లవాడన్నమాట.

శిక్షకుడు: ఖరీదు గురించి కాదండీ నేను చెబుతున్నది!

క్రీడాకారిణి: ఇంజిన్లు మాకు నేర్పినవీ ఉన్నాయి. 2017లో గూగుల్ ప్రోగ్రామ్ ఆల్ఫాజీరో వంద ఆటల్లో స్టాక్‌ఫిష్‌పై 28 గెలిచి, ఒక్కటీ ఓడకుండా మిగిలినవన్నీ డ్రా చేసుకుంది. ప్రత్యర్థి రాజు మీదికి అంచు బంటును నెట్టుకుంటూ పోవడం ఆ ఆటలు చూశాకే గ్రాండ్‌మాస్టర్లలో బాగా—

వ్యాఖ్యాత: ఆల్ఫాజీరో నేర్చుకున్నది గూగుల్ ప్రత్యేక చిప్‌ల మీద కదా? మళ్లీ డబ్బు దగ్గరికే వచ్చాం.

శిక్షకుడు: డబ్బే గెలిపిస్తే 2010లో సోఫియాలో ఆనంద్‌తో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోరులో టోపలోవ్ గెలవాలి. ఆయన దగ్గర 112 కోర్ల కంప్యూటర్ క్లస్టర్ మీద రైబ్కా అనే ఇంజిన్ నడుస్తుండగా, చివరిదైన పన్నెండో ఆటలో నల్లపావులతో ఆనంద్ గెలిచి కిరీటం నిలబెట్టుకున్నాడు. గుకేశ్‌ను చిన్నప్పటి గురువు 2500 రేటింగ్ దరిదాపులకు వచ్చేదాకా ఇంజిన్‌కు దూరంగానే ఉంచారు. ముందు సొంతంగా లెక్క కట్టడం రావాలని నేను మొదటినుంచీ చెబుతున్నాను.

ప్రోగ్రామర్: అదే గుకేశ్ 2024లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోరుకు సింగపూర్ వెళ్లినప్పుడు, గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణతో సహా ఒక బృందం ఓపెనింగ్‌లు సిద్ధం చేసింది. అంత పని ఇంజిన్లు లేకుండా—

శిక్షకుడు: ఓపెనింగ్ వల్ల గెలిచాడా? పద్నాలుగో ఆటలో తెల్లపావులతో ఆడుతున్న ప్రత్యర్థి డింగ్ 55వ ఎత్తుగా రూక్‌ను, అంటే ఏనుగును, ఎఫ్2 గడికి జరిపాడు. తెల్ల బిషప్ ఏ8 మూలన ఉంది. రూక్‌లు ఒకదానికొకటి పోయాక నల్ల బిషప్ డీ5కు వస్తే ఆ తెల్ల బిషప్‌కు తప్పించుకునే గడి లేదు. మిగిలే బంట్ల ఆట నల్లదే. చూసేవారికి ఇంజిన్ క్షణంలో చెప్పింది. బోర్డు ముందున్న కుర్రవాడు గుకేశ్ తన కళ్లతోనే చూడాలి!

క్రీడాకారిణి: చూడగలగడానికి కారణం, అలాంటి ముగింపులను ఇంజిన్‌తో సరిచూసుకుంటూ సాధన—

శిక్షకుడు: సరిచూసుకోవడం వేరు, దానిమీదే ఆనుకోవడం వేరు.

వ్యాఖ్యాత: మరి జిల్లా పిల్లలకు ప్రభుత్వమే శక్తిమంతమైన కంప్యూటర్లు ఇవ్వాలా? ముప్పై సెకన్లు మీవి, ప్రోగ్రామర్ గారూ.

ప్రోగ్రామర్: అద్దెకు తీసుకునే క్లౌడ్ కోర్లు—

శిక్షకుడు: కంప్యూటర్లు కాదు, శిక్షకులను ఇవ్వండి! జిల్లా కేంద్రాల్లో—

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ముగ్గురికీ ధన్యవాదాలు.