అమ్మను కేర్ హోమ్‌లో చేర్చిన కూతురిది కాదు పాపం, మన విచారణది!

అందరికీ వందనాలు. సోది లేకుండా విషయంలోకి వచ్చేస్తా. పోయిన వీడియోలో "డిమెన్షియా (మతి మందగించే జబ్బు) ముదిరిన తల్లిని కేర్ హోమ్‌లో చేర్చడం పాపం కాదు" అని ఒక్క మాట అన్నందుకు నన్ను ఉతికి ఆరేశారు. నాలుగో ఆజ్ఞ మర్చిపోయావా, తల్లిదండ్రులను గౌరవించమని దేవుడు చెప్పలేదా, నువ్వేం కథోలికుడివయ్యా అని. సరే. ఇవాళ ఇంకో మెట్టు ఎక్కుతున్నా. పాపం ఉంది. అది ఆ కూతురిది మాత్రం కాదు. జబ్బు మొదలైన నాటి నుంచి ఆ ఇంటి గడప తొక్కని మన విచారణది, అంటే మన పారిష్‌ది, మన గుడి సంఘానిది. మీదీ, నాదీ.

కోపమొచ్చిందా? రానీయండి. ముందు వినండి.

1983 నాటి శ్రీసభ (కథోలిక చర్చి) ధర్మశాస్త్రం, కానన్ లా అంటాం కదా, అందులో 919వ నియమం తీయండి. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం, తీసుకునే ముందు గంటసేపు ఏమీ తినకూడదని అందరికీ తెలుసు. దాని మూడో పేరా మాత్రం ఎవరూ చదవరు. వృద్ధులకు, జబ్బుపడ్డవాళ్ళకు ఆ గంట ఉపవాసం అక్కర్లేదు అంటుంది. అక్కడితో ఆగిందా? ఆగలేదు. వాళ్ళను చూసుకునేవాళ్ళకు కూడా అక్కర్లేదు అంటుంది! చూసుకునేవాళ్ళకు ఏం జబ్బుందని? కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి కదా? ఉన్నాయి. కానీ రాత్రంతా నాలుగుసార్లు లేచి దుప్పట్లు మార్చి, తెల్లారాక తల్లి చేత రెండు ముద్దలు తినిపించడానికి గంటన్నర కుస్తీ పట్టిన మనిషి, తను ఎప్పుడు తింటే అదే వేళ. ఆ సంగతి ఆ నియమం రాసినవాళ్ళకు తెలుసు.

నా సిద్ధాంతం ఇదే, ఎవరేమనుకున్నా సరే. శ్రీసభ దృష్టిలో చూసుకునే మనిషి కూడా రోగి పద్దులోనే ఉంది. ధర్మశాస్త్ర పండితులు ఒక ఉపవాసం సడలింపు పట్టుకుని ఇంత సాగదీస్తావా అంటారు. సాగదీస్తా. ఎందుకంటే మన విచారణల్లో రోగి కోసం ప్రార్థన ఉంది, అభ్యంగనం (జబ్బుపడ్డవాళ్ళకు ఫాదర్ నూనె పూసే సంస్కారం) ఉంది, ఫిబ్రవరి 11న వ్యాధిగ్రస్తుల దినం ఉంది. పక్కన నిలబడ్డ ఆ కూతురికి ఏముంది? "నువ్వు చాలా పుణ్యం చేసుకుంటున్నావమ్మా" అన్న మాట. దాంతో ఆమెకు ఒక్క గంట నిద్ర వస్తుందా?

కొందరి టెన్షన్ ఇంకోటి. ఆదివారం పూజకు రాలేకపోతున్నా, పాపమేమో అని. తగినంత గట్టి కారణముంటే ఆ బాధ్యత ఉండదని సత్యోపదేశం (శ్రీసభ బోధనల గ్రంథం) 2181వ పేరాలో స్పష్టంగా ఉంది, ఉదాహరణలుగా జబ్బు, చంటిపిల్లల సంరక్షణ అని రాశారు. తలుపు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయే తండ్రిని వదిలి రాలేకపోవడం గట్టి కారణం కాకపోతే మరేంటి? ఈ మాట పీఠం దగ్గర నుంచి ఎప్పుడైనా విన్నారా?

ఇప్పుడు అసలు బాంబు. చిన్న తెరేజమ్మ, అదే ఫ్రాన్స్‌లో లిసియో మఠంలో ఉన్న పునీతురాలు (సెయింట్) తెరేజా, అంటే మనకు ప్రాణం. గుడిలో స్వరూపం, మెడలో పతకం, పిల్లలకు ఆ పేరు. మరి ఆమె నాన్నగారి కథ ఎంతమందికి తెలుసు? లూయీ మార్టిన్. ఫ్రాన్స్‌లో గడియారాల పని చేసేవారు. 1877లో భార్య జేలీ రొమ్ము క్యాన్సర్‌తో పోతే అయిదుగురు ఆడపిల్లలను పెంచారు. 1888లో ఒకనాడు ఎవరికీ చెప్పకుండా ఇంట్లోంచి వెళ్ళిపోయారు, వెతగ్గా వెతగ్గా లె హావ్ర్ అనే రేవు పట్టణంలో దొరికారు. మెదడు రక్తనాళాలు గట్టిపడే జబ్బు. మతిమరుపు, భ్రమలు. యుద్ధం జరుగుతోందని, ఇంట్లోవాళ్ళను కాపాడాలని రివాల్వర్ కూడా పట్టుకున్నారు. 1889 ఫిబ్రవరిలో ఆయన్ను కాన్ పట్టణంలో మఠకన్యలు నడిపే మానసిక చికిత్సాలయంలో చేర్చారు. మూడేళ్ళకు పైగా అక్కడే ఉన్నారు.

మళ్ళీ చెప్తున్నా. చిన్న తెరేజమ్మ కుటుంబం తమ తండ్రిని చికిత్సాలయంలో చేర్చింది! ఊళ్ళో జనం ఊరుకున్నారా? కూతుళ్ళు ఒకరి తర్వాత ఒకరు మఠంలో చేరబట్టే ఆయనకు మతి పోయిందని గుసగుసలు. అప్పుడూ నిందలు వేసేవాళ్ళకు కొదవలేదు, ఇప్పుడూ లేదు.

1892లో ఆయన కాళ్ళు పడిపోయాయి. ఇక పారిపోలేరు కాబట్టి ఇంటికి తెచ్చుకున్నారు. పిల్లల మేనమామ కుటుంబం అండగా నిలిచింది, పనివాళ్ళు సాయం, సెలీన్ అనే కూతురు చూసుకుంది. 1894లో తండ్రి కన్నుమూశాకే ఆమె మఠంలో అడుగుపెట్టింది. గమనించారా? ఇంట్లో చూసుకోవడం ఎప్పుడు కుదిరింది? పదిమంది చేతులు కలిసినప్పుడు. ఒక్కదానివల్ల అయ్యే పని కాదది, పునీతుల ఇంట్లో కూడా కాలేదు. ఆ లూయీ మార్టిన్‌నూ ఆయన భార్యనూ 2015 అక్టోబర్ 18న పోప్ ఫ్రాన్సిస్ కలిపి పునీతులుగా ప్రకటించారు. మతి తప్పిన మనిషి పీఠం మీదికి ఎక్కారు. ఆయన్ను చికిత్సాలయంలో చేర్చిన కుటుంబాన్ని పాపులని ఎవరైనా అన్నారా?

అయితే చేర్చేసి చేతులు దులుపుకోవచ్చా అంటే, అది వేరే కథ. ఆ పని చేసినవాళ్ళను నేనేం వెనకేసుకు రావట్లేదు.

మన బైబిల్లో సీరా జ్ఞానగ్రంథం ఉంది. మూడో అధ్యాయం 13వ వచనం, తండ్రికి బుద్ధి మందగించినా ఓర్పు చూపు అని. మనమేమో ఆ ఓర్పు మొత్తం ఒక్కరి నెత్తిన పెట్టి హాయిగా ఇంటికెళ్ళి పడుకుంటాం. ఆ ఒక్కరు ఎవరో చెప్పక్కర్లేదు, కూతురో కోడలో భార్యో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డిమెన్షియా ఉన్నవాళ్ళను చూసుకునే గంటల్లో 70 శాతం ఆడవాళ్ళవే. జబ్బున్నవాళ్ళు 2021 నాటికే దాదాపు 5 కోట్ల 70 లక్షలు. "మా విచారణలో అలాంటివాళ్ళు లేరండి" అనే పెద్దమనుషులూ, ఉన్నారు, మీకు కనబడటం లేదంతే. గుడికి రావడం మానేశారు కాబట్టి కనబడరు.

ఎందుకు మానేశారో తెలుసా? పూజ మధ్యలో పెద్దాయన గట్టిగా ఏదో అంటే ముందు వరసలోంచి వెనక్కి తిరిగి చూసే ఆ చూపులకు. అదొకటి. ఇంకోటి, పలకరింపు పేరుతో పెట్టే పరీక్ష. "నేనెవరో గుర్తుపట్టారా ఆంటీ? చెప్పండి చూద్దాం!" అని మొహంలో మొహం పెట్టి. అయ్యా, గుర్తుపట్టలేకపోవడమే కదా ఆవిడ జబ్బు! మీ పేరు మీరే చెప్పి, ఎదురుగా కూర్చుని, చెయ్యి పట్టుకోండి. జపమాల ఉంటే ఇంకా మంచిది. సొంత కూతురి పేరు నోటికి రాని ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని మంగళవార్త జపం సగం చెప్పి ఆపితే, "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని యొక్క మాతా" అని మిగతా సగం తనే అందుకుంది. ఒక్క తప్పు లేదు. వేళ్ళు పూసల మీద వాటంతటవే జరుగుతున్నాయి. చిన్నప్పటి నుంచి వేలసార్లు చెప్పిన జపాలు, పాత కీర్తనలు చాలామందిలో ఆఖరిదాకా మిగులుతాయి.

దివ్యసత్ప్రసాదం సంగతి. "ఆవిడకేం తెలుస్తుందిలే, ఉమ్మేస్తుందేమో" అని మానేసిన ఇళ్ళున్నాయి. మింగలేకపోతే గోరంత ముక్క ఇచ్చి గుక్కెడు నీళ్ళు పట్టొచ్చు. అదీ కుదరకపోతే ద్రాక్షారసం రూపంలో మాత్రమే ఇవ్వడానికి అదే ధర్మశాస్త్రంలోని 925వ నియమం ఒప్పుకుంటుంది. అభ్యంగనమూ అంతే, కొన ఊపిరి దాకా ఆగక్కర్లేదు. జబ్బువల్లో వయసువల్లో ప్రమాదం మొదలైతే చాలు, పరిస్థితి విషమిస్తే మళ్ళీ ఇవ్వొచ్చు. మనిషి తెలివిలో ఉండగానే ఫాదర్‌ను పిలవండి, పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) కూడా అప్పుడే కుదురుతుంది. ఆ తర్వాత ఆవిడ ఫాదర్‌ను బండబూతులు తిట్టినా కంగారుపడకండి, తెలిసి, ఇష్టపడి చేస్తేనే చావైన పాపం, అంటే ఘోరమైన పాపం.

మరి విచారణ ఏం చెయ్యాలి? కొత్త కమిటీ వద్దు బాబోయ్, ఉన్న కమిటీలకే దండం. వారానికి ఒకసారి ఇద్దరు మనుషులు ఆ ఇంటికి వెళ్ళి రెండు గంటలు కూర్చుంటే చాలు. ఇద్దరెందుకంటే ఒకరు పెద్దావిడ దగ్గర, ఇంకొకరు గిన్నెల దగ్గర. సాయంత్రం పూట వెళ్తే ఇంకా మేలు, చాలామందికి చీకటి పడేకొద్దీ ఆందోళన పెరుగుతుంది, చూసుకునే మనిషికి ఓపిక అడుగంటేది కూడా అప్పుడే. ఆ రెండు గంటల్లో ఆ కూతురు పడుకుంటుందో, పూజకు వెళ్తుందో, ఊరికే అలా నడిచొస్తుందో ఆమె ఇష్టం. "ఎక్కడికెళ్ళావమ్మా" అని మాత్రం అడగొద్దు.

ఈ ఆదివారం పూజయ్యాక ఫాదర్ గారిని పట్టుకుని రెండే రెండు అడగండి. మన విచారణలో డిమెన్షియా ఉన్న ఇళ్ళు ఎన్ని, అక్కడికి వెళ్ళి కూర్చునేవాళ్ళ లిస్టు ఉందా. ఆయన ఏమన్నారో ఉన్నదున్నట్టు కింద రాయండి. "ప్రార్థిస్తున్నాం" అన్నారంటే అదే రాయండి. లిస్టు ఉంది అనే విచారణ ఒక్కటి దొరికినా వచ్చే వీడియో వాళ్ళతోనే. అది చూశాక కూడా కేర్ హోమ్ పాపం అనేవాళ్ళుంటే రండి, లైవ్‌లో కూర్చుని తేల్చుకుందాం.