‘నో గ్రోత్’ అని వచ్చాక

(ఒక నర్సింగ్ కళాశాలలో విద్యార్థినులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపల్ గారికి, అధ్యాపకులకు, విద్యార్థినులకు నమస్కారం.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. విసర్జక వ్యవస్థ బొమ్మ నల్లబల్ల మీద కళ్లు మూసుకుని వేయగలను. ఆ పాఠంలో మూత్రపిండానికి పేజీలకు పేజీలు ఉంటాయి. కింద సంచిలా వేలాడే మూత్రాశయానికి మాత్రం దాదాపు ఒకటే వాక్యం: ‘మూత్రాన్ని తాత్కాలికంగా నిల్వ చేస్తుంది.’ ఆ తాత్కాలికం కాస్తా అరగంటకు కుదించుకుపోతే మనిషి బతుకు ఎలా ఉంటుందో నేను చెప్పిన పాఠాల్లో ఎక్కడా లేదు. కొన్నేళ్లుగా నేను బతుకుతున్నది ఆ అరగంటల్లోనే కాబట్టి, ఇన్ఫెక్షన్ లేకుండానే మూత్రాశయం నొప్పిపెట్టే ఆ జబ్బు గురించి మాట్లాడమని పిలిచారు.

ముందే ఒక మాట. మధ్యలో ఎవరైనా బయటికి వెళ్లాల్సి వస్తే అనుమతి అడక్కుండా వెళ్లండి. నేనూ వెళ్లవచ్చు.

మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి, గంటకు రెండు మూడుసార్లు పరుగు. ఇలా వచ్చిన మనిషికి ఏం చేస్తారో మీకు తెలుసు. మూత్ర పరీక్ష, దానితోపాటు మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్. రెండు మూడు రోజులకు కాగితం వస్తుంది: ‘నో గ్రోత్’. క్రిములేవీ పెరగలేదని. శుభవార్తే. కానీ ఆ కాగితం పట్టుకున్న మనిషికి మంట అలాగే ఉంది. అప్పుడు సాధారణంగా జరిగేవి రెండు. ‘ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి’ అంటారు. లేదా ‘ఎందుకైనా మంచిది’ అని మరో యాంటీబయాటిక్ కోర్సు రాస్తారు. నా దృష్టిలో రెండూ ఒకటే, రిపోర్టును సరిగ్గా చదవకపోవడమే. క్రిములు పెరగలేదని మాత్రమే ఆ కాగితం చెబుతోంది. నొప్పి గురించి అది ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు.

ఈ జబ్బుకు ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ అని ఒక పేరు, బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అని ఇంకో పేరు. ఇన్ఫెక్షన్ గానీ, వేరే స్పష్టమైన కారణం గానీ కనబడకుండా, మూత్రాశయం దగ్గర నొప్పి, ఒత్తిడి, ఇబ్బంది ఆరు వారాలు దాటి ఉండి, దానికి తోడు మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుంటే దీన్ని అనుమానించమని అమెరికన్ యూరాలజీ అసోసియేషన్ చెబుతోంది. మాలాంటి వాళ్లు ఇంకా సులువుగా చెబుతాం. నిండేకొద్దీ నొప్పి పెరుగుతుంది. వెళ్లొస్తే కాసేపు తెరిపి. మళ్లీ మొదలు. బట్టలు తడుస్తాయన్న భయంతో పరుగెత్తేవాళ్లూ ఉంటారు, వాళ్ల సమస్య వేరు, మందులూ వేరు. ఈ తేడా చాలావరకు ఒక్క ప్రశ్నతో తేలుతుంది. ‘కాసేపు ఆపుకుంటే ఏమవుతుంది?’ అని అడగండి. ‘తడిసిపోతుంది’ అంటే ఒక దారి, ‘నొప్పి తట్టుకోలేను’ అంటే ఇంకో దారి. ఈ ప్రశ్నకు పరికరం అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. అయినా అడిగేవాళ్లు తక్కువ.

ఇదేదో కొత్తగా పుట్టిన జబ్బు కాదు. ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ అన్న పేరు 1887 నాటిదే. 1915లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్యుడు గై హన్నర్, కొందరు స్త్రీల మూత్రాశయం గోడల మీద కనిపించే ఎర్రటి పుండ్ల గురించి రాశాడు. వాటిని నేటికీ హన్నర్ గాయాలనే అంటున్నారు. తీరా చూస్తే ఆ గాయాలు కొద్దిమందిలోనే కనబడతాయి. మిగతావారికి సిస్టోస్కోపీ, అంటే మూత్రాశయం లోపలికి చూసే గొట్టం, వేసి చూసినా గోడ బాగానే ఉంటుంది. కంటికి కనబడలేదు గనుక ‘నడివయసు ఆడవాళ్ల మనోవ్యాధి’ అనే ముద్ర దశాబ్దాల పాటు నడిచింది. అమెరికాలో వికీ రాట్నర్ అనే వైద్య విద్యార్థిని తనకు వచ్చిన జబ్బేమిటో వైద్యులు చెప్పలేకపోతే లైబ్రరీలో కూర్చుని తనే వెతికి పట్టుకుంది. 1984లో రోగుల కోసం ఒక సంఘం స్థాపించింది. వైద్యం చదువుతున్న మనిషికే ఆ గతి పడితే, మా ఊళ్లో కూలికి వెళ్లే లక్ష్మమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2011లో అచ్చయిన ర్యాండ్ అనే పరిశోధన సంస్థ అధ్యయనం ప్రకారం అమెరికాలో వయోజన స్త్రీలలో 2.7 నుంచి 6.5 శాతం మందికి ఈ లక్షణాలున్నాయి. వారిలో జబ్బు పేరు చెప్పించుకోగలిగినవారు పదిమందికి ఒకరు కూడా లేరు. మగవాళ్లకూ వస్తుంది. వాళ్లకు ప్రోస్టేట్ వాపు అనే చీటీ అంటిస్తారు, అంతే తేడా.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా వినండి. ‘నో గ్రోత్’ చూడగానే ‘ఓహో, ఇది ఫలానా మేడం చెప్పిన జబ్బే’ అనుకోవద్దు. ఈ పేరు పెట్టే ముందు కొట్టివేయాల్సినవి ఉన్నాయి. మన దేశంలో మొదటిది క్షయ. మూత్రంలో చీము కణాలు కనబడుతూ, మామూలు కల్చర్‌లో ఏమీ పెరగకపోతే మీ బుర్రలో గంట మోగాలి. క్షయ క్రిమి మామూలు కల్చర్‌లో పెరగదు, దానికి వేరే మాధ్యమం కావాలి, వారాల సమయం కావాలి. అందుకే వరుసగా కొన్ని రోజుల తెల్లవారుజాము మూత్రం పంపిస్తారు, క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ పరీక్ష చేస్తారు. క్షయను పట్టించుకోకుండా వదిలేస్తే మూత్రాశయం ముడుచుకుపోయి చిన్న గిన్నెలా మిగులుతుంది. మందులేమో ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. అంత మందు చేతిలో ఉండి మనిషిని పాడుచేసుకోవడం క్షమించరానిది.

రెండోది మూత్రంలో రక్తం. ముఖ్యంగా పొగతాగేవారిలో క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి. ‘ఆడవాళ్లను పొగ గురించి ఏం అడుగుతాం’ అని మొహమాటపడకండి. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే పెద్దావిడలు ఇప్పటికీ ఉన్నారు. రాళ్లు, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరగడం), చక్కెర జబ్బు, ఇవన్నీ కూడా డాక్టరు గారు చూస్తారు. మీ పని ఆ మాటలు రోగి నోటి నుంచి రాబట్టి కేసు షీటులో ఎక్కించడం.

యాంటీబయాటిక్ గురించి నాకు కోపం ఉంది, దాచుకోను. మా వీధి చివరి మందుల షాపులో ‘మూత్రం మంట’ అంటే చాలు, చీటీ లేకుండానే మాత్రల పట్టీ కత్తిరించి ఇస్తారు. రెండు రోజులు తగ్గినట్టు ఉంటుంది. ఈ జబ్బు స్వభావమే అంత, మందు వేసినా వేయకపోయినా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తగ్గిన ఘనత మాత్రం మాత్రకు పోతుంది. తర్వాతి సారి ఇంకో పెద్ద మాత్ర. కడుపు పాడవుతుంది, తెల్లబట్ట మొదలవుతుంది, నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చిన రోజున ఏ మందూ పనిచేయని స్థితి వస్తుంది. దీర్ఘకాలం యాంటీబయాటిక్స్ ఈ జబ్బుకు ఇవ్వవద్దని మార్గదర్శకాలు తేటతెల్లంగా చెబుతున్నాయి. అలాగని మాకు ఇన్ఫెక్షన్ రాదని కాదు, వస్తుంది. అందుకే నొప్పి ఎక్కువైన ప్రతిసారీ మొదట శాంపిల్, తర్వాతే మాత్ర. ఈ క్రమం తప్పనివ్వకండి. మొదటి ధార వదిలేసి మధ్య ధార ఎలా పట్టాలో నోటితో వివరించి చెప్పండి. డబ్బా చేతికిచ్చి బాత్రూం వైపు వేలు చూపిస్తే సరిపోదు.

ఇంట్లో పెద్దలైతే ‘వేడి చేసింది’ అంటారు. బార్లీ నీళ్లు, సబ్జా, కొబ్బరినీళ్లు పట్టిస్తారు. నేను వాళ్లను వెక్కిరించను. బార్లీ నీళ్లు చాలామందికి హాయిగానే ఉంటాయి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, అది కొందరికి మంటను పెంచుతుంది. అన్నిటికంటే చెడ్డది, ‘నీళ్లు తాగితేనే కదా వెళ్లాల్సి వచ్చేది’ అని నీళ్లు మానేయడం. మూత్రం చిక్కబడితే మంట రెట్టింపు అవుతుంది. కడివెడు తాగడమూ వద్దు. కొంచెం కొంచెంగా, రోజంతా.

తిండి దగ్గరికి వద్దాం. మన వంటింటికి ఈ జబ్బు పగబట్టినట్టే ఉంటుంది. చింతపండు, టమాటా, పచ్చిమిరప, నిమ్మకాయ, గోంగూర, ఆవకాయ. పైన పొద్దున్నే ఫిల్టర్ కాఫీ. ఈ జాబితా చదివితే తెలుగువాడు ‘ఇంకేం తినాలి’ అంటాడు. రోగికి అందరూ ‘పులుపు, కారం మానెయ్’ అని ఒక్క ముక్కలో చెప్పి పంపేస్తారు. ఇంట్లో నలుగురికి చారు కాచి, తను మాత్రం ఉత్త అన్నం తినే మనిషి వారం తిరగకుండా ఆ పథ్యం వదిలేస్తుంది. కాబట్టి ఏం మానాలో కాదు, ఏం వండుకోవాలో చెప్పండి. పెసరపప్పు ముద్దగా ఉడికించి నెయ్యి, జీలకర్ర పోపు. పాలు పోసిన పొట్లకాయ కూర, సొరకాయ, బీరకాయ. కారం బదులు కొంచెం మిరియాలు పడతాయేమో వేసి చూసుకోవాలి. పప్పులో చింతపండు బదులు ఏమీ వేయకపోవడమే ఉత్తమం. నిమ్మకాయ పిండితే మళ్లీ మొదటికే వస్తుంది. రెండు మూడు వారాలు ఇలా గడిపి, నొప్పి కాస్త సర్దుకున్నాక ఒక్కో వస్తువే తిరిగి తినాలి, మధ్యలో రెండు మూడు రోజుల ఎడం ఉంచాలి. దేనికి మంట వస్తుందో మనిషి మనిషికీ మారుతుంది. నాకు పెరుగు పడుతుంది, టమాటా పడదు. మా బంధువుల్లో ఇదే జబ్బున్న ఒకావిడకు టమాటా ఇబ్బంది పెట్టదు, టీ చుక్క తగిలితే చాలు రాత్రి నిద్ర ఉండదు. ఆరోగ్యానికి మంచిదని వేసుకునే విటమిన్ సి మాత్రల సంగతి కూడా అడగండి. ఆ ఆమ్లం మాకు పడదు, అది మందుల జాబితాలో చెప్పాలని రోగికి తోచదు.

కటి అడుగున ఉండే కండరాల మాట మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. కాన్పైన తల్లులకు ఆ కండరాలు బిగించే కెగెల్ వ్యాయామం మీరు నేర్పుతారు. ఈ నొప్పి ఉన్న చాలామందిలో ఆ కండరాలు అప్పటికే రాయిలా బిగుసుకుని ఉంటాయి. ఇంకా బిగించమంటే నొప్పి ముదురుతుంది. వాళ్లకు కావాల్సింది వదులు చేయడం. 2012లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో, శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులు ఆ కండరాల ముడులు విప్పే చికిత్స చేస్తే 59 శాతం మందికి మేలు జరిగింది. ఒళ్లంతా మామూలు మసాజ్ చేసినవారిలో 26 శాతం మందికే. మన ఊళ్లలో ఆ శిక్షణ ఉన్నవారు దొరకడం కష్టం. వేడినీళ్ల కాపడం, నింపాదిగా కడుపు నిండా ఊపిరి పీల్చుకోవడం, మలబద్ధకం రానివ్వకపోవడం మాత్రం ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు.

మందుల విషయం క్లుప్తంగా చెబుతాను, ఎంపిక డాక్టర్లది. అమిట్రిప్టిలిన్ అనే మాత్రను రాత్రిపూట చిన్న మోతాదుతో మొదలుపెడతారు. మందుల షాపువాడు ‘ఇది డిప్రెషన్ మాత్ర’ అనగానే రోగి దాన్ని అవతల పారేస్తుంది. ‘ఈ మోతాదులో దీన్ని నరాల నొప్పికి వాడతారమ్మా’ అని మీరు ముందే చెప్పి ఉంటే పారేయదు. పెంటోసాన్ అనే మందు ఈ జబ్బుకు అమెరికాలో 1996లో అనుమతి పొందింది. చాలాకాలం వాడినవారిలో కంటి రెటీనా దెబ్బతింటున్నట్టు 2018లో బయటపడింది, 2020లో ఆ హెచ్చరిక మందు కాగితం మీదికి ఎక్కింది. అది వాడేవారికి కంటి పరీక్ష తప్పనిసరి. కాథెటర్ అనే సన్నని గొట్టం ద్వారా మూత్రాశయంలోకి మందు ఎక్కించే పద్ధతీ ఉంది. అలా ఇచ్చే డీఎంఎస్ఓ అనే మందు ఎక్కించాక రోగి ఒంటి నుంచి, ఊపిరి నుంచి వెల్లుల్లి వాసన వస్తుంది. ముందే చెప్పకపోతే ఇంటికెళ్లి హడలిపోతుంది. అది చెప్పాల్సింది మీరే. హన్నర్ గాయాలు కనబడితే వాటిని కాల్చడం, ఇంజెక్షన్ ఇవ్వడం బాగా పనిచేస్తాయి. అమెరికన్ యూరాలజీ అసోసియేషన్ 2022 మార్గదర్శకాల్లో ఒక మెట్టు తర్వాతే ఇంకో మెట్టు అన్న పాత నిచ్చెన తీసేశారు. ఏ రోగికి ఏది నప్పుతుందో ఇద్దరూ కూర్చుని తేల్చుకోమన్నారు. నాకు నచ్చిన మార్పు అది.

ఇక బయటి ప్రపంచం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. మంచి పని. కానీ ఎక్కాక దిగడం ఎప్పుడో తెలియాలి కదా! ఈ జబ్బున్న మనిషి బస్సెక్కే ముందు రాత్రి నుంచే నీళ్లు మానేస్తుంది, కిటికీ పక్క సీటు వదులుకుని గుమ్మం దగ్గర కూర్చుంటుంది, డ్రైవరు ఎక్కడ టీకి ఆపుతాడో ముందే వాకబు చేస్తుంది. అమెరికాలోని ఇల్లినాయిలో 2005 నుంచి ఒక చట్టం ఉంది. కొన్ని జబ్బులున్నవారు అడిగితే దుకాణదారు తన సిబ్బంది మరుగుదొడ్డి వాడుకోనివ్వాలి. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఈ జబ్బు లేదు. పరీక్ష హాల్లో విద్యార్థిని చేయెత్తితే ఇన్విజిలేటరు దయ, అంతే. మీరు పనిచేయబోయే ఆసుపత్రిలోనైనా ఓపీ వరుసలో నిలబడ్డ మనిషి మరుగుదొడ్డికి వెళ్లొస్తే ఆమె టోకెను నంబరు పోకుండా చూడండి.

సంసారం గురించి అడగడానికి మీకు సిగ్గు, చెప్పడానికి ఆమెకు సిగ్గు. కలయిక తర్వాత నొప్పి పెరగడం ఈ జబ్బులో మామూలే. భర్తకు అది ‘ఇష్టం లేక చెప్పే సాకు’లా కనబడుతుంది. ఆయన వరండాలో కూర్చుని ఉంటాడు. లోపలికి పిలిచి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి డాక్టరు గారి చేత ఒక్కసారి చెప్పించండి. ఇంటికెళ్లి ఆమె వందసార్లు చెప్పినా రాని నమ్మకం, తెల్లకోటు ఒక్కసారి చెబితే వస్తుంది. అలా ఉండకూడదు గానీ, ఉంది.

ముందు వరుస నుంచి కొన్ని కాగితాలు పంపుతున్నాను, తలా ఒకటి తీసుకోండి. మూడు రోజుల మూత్రం డైరీ అది. ఎడమ గడిలో సమయం, తర్వాతి గడిలో ఎన్ని మిల్లీలీటర్లు, ఆ తర్వాత సున్నా నుంచి పది వరకు నొప్పి, చివర ఏం తిన్నారు, ఏం తాగారు. ఇంట్లో కొలతల గ్లాసు ఒకటి దీనికోసం విడిగా పెట్టుకోవాలి. మామూలు మనిషి ఒకసారికి మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు పోస్తాడు. ఈ డైరీలో 80, 110, 90 అని వరుసగా కనబడితే, రాత్రి గడుల్లో కూడా అంకెలు నిండితే, ఆ కాగితం చూసిన ఏ డాక్టరూ ‘టెన్షన్’ అనడు. చదువు రానివారికి సమయం బదులు సూర్యుడు, చంద్రుడు బొమ్మలు, గ్లాసు బదులు సగం, పావు గీతలు వేసి ఇంకో పత్రం తయారుచేశాను, అది వెనుక పేజీలో ఉంది. మొదట మీరే ఒక రోజు నింపి చూడండి. ఎక్కడ ఇబ్బందిగా ఉందో నాకు చెబితే గడులు మారుస్తాను. ఇప్పుడు ఒక ఐదు నిమిషాలు విరామం, తర్వాత ప్రశ్నలు.